దేవుడి అలమరలో పెగ్గు కొలత

నేను ఒక పెగ్గు కొలతని. దొరబాబు ఉద్యోగం పర్మినెంటయిందని ఫోనొచ్చిన క్షణంలో నేను వాళ్ళింటి దేవుడి అలమరలో, వినాయకుడికీ గంటకీ మధ్య, కడుపులో తులసాకు వేసుకుని కూర్చుని ఉన్నాను. పెగ్గు కొలతకి దేవుడి దగ్గర ఏం పని అంటారా? మనుషుల ఇళ్ళల్లో బతికితే వస్తువులకి ఇలాంటి గతులే పడతాయి. చెప్తాను.

అప్పుడు సాయంత్రం నాలుగైంది. దొరబాబు పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి, బనీనుతో నేల మీద కూర్చుని, పాడైన మిక్సీ విప్పుకుంటున్నాడు. సామర్లకోట కరెంటాఫీసులో తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు లైన్‌మన్ అతను. ఫోను చెవికి ఆనించుకుని "సార్... నిజమేనా సార్? నిజమేనా?" అని అడుగుతూనే ఉన్నాడు. నిజం కాకపోతే ఆఫీసరు పని మానుకుని ఇతనితో సరదాకి మాట్లాడతాడా?

వంటింట్లో చేగోడీలు వేయిస్తున్న కుసుమ, పిడి ఊగిపోయే చిల్లుల గరిటె చేత్తోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ? ఎవరికేమైంది?"

"పర్మినెంటు."

"ఎవరు?"

"నేను."

ఆ తర్వాత వాళ్ళిద్దరూ చేసింది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆ పిల్ల గరిటెతో సహా అతన్ని చుట్టేసింది. బనీను వీపంతా నూనె. ఆ మరక చూసి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. పెళ్ళయి మూడు నెలలైంది, వీళ్ళ వరస మొదట్నుంచీ ఇంతే. ఒకే రంగు కప్పులు రెండు దొరికాయని ఓ సాయంత్రమంతా సంబరపడ్డారు. కుక్కరు ఎన్ని కూతలు కూసిందో పందెం వేసుకుంటారు. కిటికీకి కొత్త కర్టెను కట్టి, అది బయట్నుంచి ఎలా కనబడుతుందో చూడ్డానికి వీధిలోకి వెళ్ళారు, ఒకే గొడుగు కింద, కుండపోతగా వాన పడుతుంటే. ఇంత చవక సంతోషాలు నేను నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. నా దగ్గరికొచ్చే పెద్దమనుషులకి ముప్ఫై మిల్లీలీటర్లు లోపలికి పోతే గానీ మొహం విచ్చుకునేది కాదు.

"నోరు తీపి చెయ్యాలి, ఉండండి" అంటూ కుసుమ దేవుడి అలమర దగ్గరికొచ్చింది. నా కడుపులోని తులసాకు తీసి పక్కన పెట్టి, చెంచాడు పంచదార పోసి, దణ్ణం పెట్టి, నన్ను తిన్నగా మొగుడి నోటి దగ్గరికి తీసుకుపోయింది. నా అంచు అతని కింది పెదవికి తగిలింది. అతని కళ్ళు ఒక్కసారి నా మీద పడి, చటుక్కున పక్కకి జరిగాయి. అవెందుకు జరిగాయో ఆ పిల్లకి తెలియదు. నాకు తెలుసు.

నా పుట్టుక పెద్ద గొప్పదేం కాదు. ఒక రేకుల షెడ్డులో స్టీలు రేకుని అచ్చు కింద పెట్టి దిగ్గొట్టారు. నా తోటి రేకులు కొన్ని డబ్బా మూతలయ్యాయి, కొన్ని పిల్లల కంచాలయ్యాయి. నన్ను మాత్రం ఒక పెద్ద గిన్నె, ఒక చిన్న గిన్నె చేసి, అడుగూ అడుగూ కలిపి అతికారు. చూడ్డానికి డమరుకంలా ఉంటాను. చిన్న వైపు ముప్ఫై, పెద్ద వైపు అరవై. అంతకు మించి నాకు చదువు రాదు. కానీ నాకొచ్చిన ఆ రెండు అంకెలూ తప్పకుండా వచ్చు. మనుషుల్లో ఆ మాత్రం వచ్చినవాళ్ళు ఎంతమంది?

మొదట స్టేషను వైపు ఒక బార్లో ఆరేళ్ళు పనిచేశాను. కౌంటరు దగ్గర బ్రహ్మాజీ అని ఒకడు. నాలో పోసేటప్పుడు వాడి బొటనవేలు కూడా నాలోనే ఉండేది. వేలు పట్టినంత మేర గిరాకీకి తక్కువ. ఆ వేలు ముంచిన సరుకునే గిరాకీలు కళ్ళు మూసుకుని, అమృతంలా చప్పరించేవారు. మీరు బాధలో తాగేవాళ్ళ గురించి తెగ జాలిపడతారు గానీ, ఆరేళ్ళు చూసినదాన్ని, నా మాట వినండి. ఏడుస్తూ వచ్చినవాళ్ళ కంటే నవ్వుతూ వచ్చినవాళ్ళే ఎక్కువ. కొడుకు పుట్టాడని, బండి కొన్నామని, క్రికెట్లో గెలిచామని. ఓడిపోయామని వచ్చేది కూడా వాళ్ళే అనుకోండి.

దొరబాబు అక్కడి గిరాకీయే. ఒక రోజు అతనికి జ్ఞానోదయమైంది. "ఇంట్లో కొలుచుకుని తాగితే అదుపులో ఉంటది కదా! ఆ కొలతేదో నాకిచ్చెయ్ గురూ" అన్నాడు. బ్రహ్మాజీ నన్ను ఇచ్చేస్తూ నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం నాకు పది రోజుల్లో తెలిసింది. మొదటి రెండు రోజులు చిన్న వైపు రెండుసార్లు. తర్వాత పెద్ద వైపు తిప్పి, అదే చిన్నదనుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు నింపాడో తనే మర్చిపోయి, మొదట్నుంచీ మళ్ళీ మొదలెట్టేవాడు. చివరికి నన్ను మంచం కిందకి తన్నేసి సీసా ఎత్తుకున్నాడు. మనిషి ఒక కొలత కొనుక్కుని దానికి కట్టుబడి ఉంటాడనుకోవడం నా చిన్నతనం.

ఒకనాడు అతను తాగి, లైన్లో కరెంటు ఆపించకుండానే పోలెక్కబోయాడు. నేను చూడలేదు, వాళ్ళక్క నూకరత్నం ఏడుస్తూ చెబుతుంటే మంచం కింద నుంచి విన్నాను. నాలుగడుగులు ఎక్కేసరికి అబ్బులు అనే పెద్ద లైన్‌మన్ కాలు పట్టుకుని కిందకి ఈడ్చాడట. ఇంకో రెండడుగులు ఎక్కితే దొరబాబు కథ పేపర్లో నాలుగు లైన్లు. ఆ అబ్బుల్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

దొరబాబుని కాకినాడలో ఆసుపత్రిలో చేర్చారు. ఆ నలభై రోజుల్లో అక్క ఇల్లంతా ఊడ్చి, సీసాలూ గ్లాసులూ పారేసింది. నన్ను మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి, "మందు కొలిచేదిలా ఉంది" అనుకుని, తన పిల్లకి దగ్గు మందు పోసి, వంటింటి గూట్లో పెట్టింది. ఆవిడ అన్న దాంట్లో తప్పేం లేదు.

తిరిగొచ్చిన దొరబాబుని చూస్తే నాకు అసహ్యం వేసింది. మనిషికి దయ్యం బదులు పంతులు పట్టినట్టయింది. పట్టింది ఇస్సాకు అనే టైలరు. ఆయనా ఒకప్పుడు తాగినవాడే, మానేసి పదకొండేళ్ళు. మంగళవారం మంగళవారం ఆయన కుట్టు మిషన్ల గదిలో ఓ ఎనిమిది మంది కూర్చుని మాట్లాడుకుంటారు. అక్కడ నేర్చుకొచ్చినవన్నీ దొరబాబు ఇంట్లో చేసేవాడు. ఆఫీసుకి తిన్నగా బారు ముందు నుంచి వెళ్ళొచ్చు. అది మానేసి కాలవగట్టు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. నిలువెత్తు పోలెక్కే మగాడు ఒక బోర్డుకి భయపడటమా? జేబులో ఎప్పుడూ వేరుశెనగ ఉండలు. సాయంత్రం ఐదయ్యేసరికి కడుపులో ఏదో ఒకటి పడాల్సిందే, ఖాళీ కడుపుకి పాత ఆకలి గుర్తొస్తుందట. తలుపు వెనక ఒక కాగితం అంటించాడు: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఈ నాలుగూ వచ్చినప్పుడు జాగ్రత్త అని. దాని కింద ఇస్సాకు తన చేత్తో ఐదోది రాశాడు: సంతోషం. అంతకు ముందోసారి మానేసి, కూతురి పెళ్ళి రోజున ఆయన మళ్ళీ తాగుడులోకి జారిపడ్డాడట. ఇదొక్కటీ చదివినప్పుడు మాత్రం, టైలరుకి బుర్ర ఉందే అనిపించింది.

అన్నిటికంటే నవ్వొచ్చేది ఆ ఇరవై నిమిషాల వైద్యం. తాగాలని నాలుక పీకినప్పుడు దానితో కుస్తీ పట్టకూడదట. చేతికి పని చెప్పి ఇరవై నిమిషాలు గడిపితే అదే సన్నగిల్లిపోతుందట. దొరబాబు స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడిచేవాడు. ఆ మొదటి సంవత్సరంలో ఆ ఇంటి ఫ్యాను అంత శుభ్రమైన ఫ్యాను ఊళ్ళో ఇంకోటి ఉండేది కాదు.

"ఇంట్లో అన్నీ పారేశావా?" అని ఇస్సాకు ఒకసారి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఆయ్, అన్నీ పారేశానండి."

అబద్ధం. నేను గూట్లోనే ఉన్నాను. రోజూ నా వంక చూసి, "నువ్వు ఎదురుగా ఉన్నా నేను తాగట్లేదు చూడు" అన్నట్టు ఛాతీ విరుచుకునేవాడు. నేనతని పతకాన్ని. పులిని చంపినవాడు తోలు గోడకి కొట్టుకుంటాడు, సరే. ఇతను చావని పులిని గూట్లో పెట్టుకుని మీసం మెలేశాడు.

అలా మూడేళ్ళు గడిచాక కుసుమ వచ్చింది. పెళ్ళిచూపుల్లో వరండాలోకి పిలిచి, తాను తాగి ఆసుపత్రి పాలైన సంగతి అంతా చెప్పేశాడట. ఆ పిల్ల విని, "నాకు పొద్దున్నే లేవడం రాదు. అది కూడా ముందే చెప్పేస్తున్నా" అందట. బీఎస్సీ చదివిన పిల్ల అలా పెళ్ళి కుదుర్చుకుంది. కాపురానికొచ్చిన రెండో రోజే గూట్లో నన్ను పట్టుకుంది.

"అబ్బ, ఎంత బావుందో! శివుడి డమరుకంలా ఉంది. శ్రీశైలంలో కొన్నారా?"

దొరబాబు "ఊఁ" అన్నాడు.

ఆ ఒక్క ఊఁతో నేను చింతపండు పెట్టి తోమించుకుని, బొట్టు పెట్టించుకుని, దేవుడి అలమరకెక్కాను. అప్పట్నుంచీ రోజూ తీర్థం నాలోనే. అరవై వైపు ఆవిడకి, ముప్ఫై వైపు ఆయనకి. ఆ పిల్ల వాళ్ళింట్లో ఎవరూ తాగరు, పెగ్గు కొలత మొహమే చూసి ఎరగదు. ఇతను నోరు విప్పడు. దేవుడు ఎలాగూ విప్పడు.

సరే, ఆ సాయంత్రానికి వద్దాం. పంచదార తిన్నాక దొరబాబు మొట్టమొదట చేసిన పని ఇస్సాకుకి ఫోను చెయ్యడం. "మంచి వార్తండి. అందుకే చేశాను" అన్నాడు. మంచి వార్తకి ప్రమాద హెచ్చరిక పంపేవాళ్ళు ఈ భూమ్మీద వీళ్ళే. తర్వాత పెరుగన్నం కలిపించుకుని కడుపు నిండా తిన్నాడు. "పార్టీ అంటారు. వస్తారు" అని కుసుమతో అన్నాడు.

ఆరింటికి వచ్చారు. అబ్బులు, వెనకాల సూరిబాబు. అబ్బులు చంకలో పేపరు చుట్టిన సీసా. ఒకనాడు కాలు పట్టుకుని కిందకి ఈడ్చిన చెయ్యే అది.

"ఏరా పర్మినెంటూ! చెల్లెమ్మా, నాలుగు మిరపకాయ బజ్జీలెయ్యి. ఇవాళ నీ మొగుడు మా అందరికీ అల్లుడు!"

వాళ్ళ సెక్షన్లో ఒక ఆచారం ఉంది. ఉద్యోగం పర్మినెంటయినవాడు తాను మొట్టమొదట ఎక్కిన పోలు మొదట్లో ఒక పెగ్గు పోసి, మిగతాది అందరితో కలిసి తాగాలి. దాన్ని పోలు తడపడం అంటారు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పోలుకి దాహమేస్తుందని కరెంటు చదువు చదివినవాళ్ళు కూడా నమ్ముతున్నారు.

"నేను తాగను బాబాయ్" అన్నాడు దొరబాబు.

అంతే. ఎందుకో చెప్పలేదు. కారణం చెబితే ఎదుటివాడు దాన్ని పట్టుకుని లాగుతాడని ఇస్సాకు నేర్పాడు. అబ్బులు లాగడానికేమీ దొరక్క ఇబ్బంది పడ్డాడు.

"ఒక్కటేరా. పోలుకి సగం, నీకు సగం. ఆచారం తప్పితే పైనున్నప్పుడు ఏదైనా అయితేనో?"

"తాగను బాబాయ్."

"నీళ్ళైనా తెచ్చుకోనియ్యరా" అని విసుగ్గా లేచి, అబ్బులు వంటింటి వైపు నడిచాడు. దారిలో దేవుడి అలమర. అక్కడ నేను. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న మనిషి, పాత చుట్టాన్ని చూసినట్టు ఆగిపోయాడు.

"ఓరి నీ అఘాయిత్యం కూలా! ఒరే సూరిగా, ఇటు రారా! దేవుడి దగ్గర పెగ్గు కొలత పెట్టుకున్నాడ్రా ఈడు! పైకి తాగనంటాడు, లోపల స్వామివారికి కొలిచి పోస్తన్నాడు!"

వంటింటి గుమ్మంలో కుసుమ, చేతిలో ఆ ఊగే గరిటె. బజ్జీ ఒకటి గరిటెలోనే ఉండిపోయింది. దొరబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. సూరిబాబు మొదట నవ్వి, ఆ ఇద్దరి మొహాలూ చూసి ఆపేశాడు. అబ్బులుకి అలాంటివి కనబడవు. నన్ను తెచ్చి బల్ల మీద పెట్టి, సీసా మూత తిప్పి, ముప్ఫై వైపు అంచు దాకా నింపి, దొరబాబు ముందుకి జరిపాడు.

మూడేళ్ళ తర్వాత నా కడుపులో అసలు సరుకు. దాపరికమెందుకు, నాకు గర్వంగానే ఉంది. వాసన అతని ముక్కుదాకా పోవడం చూశాను. వేళ్ళు మోకాళ్ళని నొక్కి పట్టుకున్నాయి. రా, అనుకున్నాను. నీ తీర్థాలూ, కాలవగట్టూ, వేరుశెనగ ఉండలూ అన్నీ చూశాను. ఇప్పుడు రా.

లేచాడు. గొప్ప మాటేదో అంటాడనుకున్నాను. ఏమీ అనలేదు. మిక్సీ, స్క్రూడ్రైవరు తీసుకుని వరండాలోకి పారిపోయాడు. పారిపోవడమే అది, ఇంకో పేరు లేదు. ఆ కొత్త కర్టెను సందులోంచి ఫోను మాటలు వినబడ్డాయి. స్పీకరు పెట్టాడు, చేతుల్లో మిక్సీ ఉంది కదా.

"మాస్టారూ, ఒకటి పారెయ్యలేదండి. పెగ్గు కొలత. మీతో అబద్ధం చెప్పాను."

"సర్లే. ఇప్పుడదెక్కడుంది?"

"లోపల. నింపేసుంది."

"నువ్వెక్కడున్నావు?"

"బయటండి."

"మధ్యలో గోడుందా?"

"ఉందండి."

"ఐతే సగం పనైపోయింది. పక్కనెవరు?"

"మా ఆవిడ వచ్చింది."

"ఆవిడకి చెప్పు. ఫోనెట్టేస్తున్నాను. ఇరవై నిమిషాల తర్వాత నేనే చేస్తాను."

తర్వాత కుసుమ గొంతు. అంత సన్నగా ఆ పిల్ల మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"తాగేవారని పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. నేనేమైనా అన్నానా? శ్రీశైలం అని ఎందుకు చెప్పారండీ?"

"అదేంటో చెబితే ఇంకా ఎందుకుంచారని అడుగుతావని."

"అడిగితే?"

"చెప్పాలి కదా."

"మరి చెప్పాలి కదా!"

"ఊఁ."

"మళ్ళీ ఊఁ అంటారేంటి? ఆ ఊఁతోనే కదా మూడు నెలలు దాంట్లో తీర్థం తాగించారు!" ఆ పిల్ల ముక్కు చీది, "ఆ స్క్రూ ఇటు కాదు, అటు తిప్పండి" అంది.

లోపల నేను నిండుగా కూర్చుని ఉన్నాను. అబ్బులూ సూరిబాబూ చల్లారిన బజ్జీలు నములుతూ గోడ గడియారం వంకా, ఒకరి మొహం వంక ఒకరూ చూసుకుంటున్నారు. వాళ్ళు కూడా సీసా ముట్టుకోలేదు. ఇంటివాడు వరండాలో మిక్సీ బాగుచేస్తుంటే తాగడానికి ఎవడికైనా ఎలా బుద్ధేస్తుంది? ఒక చిన్న పురుగు ఎగురుకుంటూ వచ్చి నాలో పడి, రెండుసార్లు కాళ్ళు కొట్టుకుని ఊరుకుంది. నా కోసం వచ్చింది అదొక్కటే.

ఎంతసేపటికో వరండాలో మిక్సీ గిర్రుమని తిరిగింది. వెంటనే ఫోను మోగింది. "తగ్గిందండి" అన్నాడు దొరబాబు.

లోపలికొచ్చి కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. కుసుమ మాత్రం తిన్నగా వచ్చి నన్ను రెండు వేళ్ళతో, చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తి, సింకులో బోర్లించి, కొళాయి తిప్పేసింది.

"అయ్యో చెల్లెమ్మా!" అన్నాడు అబ్బులు.

"బాబాయ్" అన్నాడు దొరబాబు. "ఆ రోజు కాలు పట్టుకుని పోలు మీంచి దించావు. ఇవాళ మళ్ళీ అదే పోలు ఎక్కిస్తన్నావు. దించు."

అబ్బులు నోట్లో బజ్జీ నోట్లోనే ఉంది. నమలడం ఆగింది. దాన్ని మింగి, సీసా మూత బిగించి, పేపరు మళ్ళీ చుట్టి, సూరిబాబు చేతికిచ్చి "బండి డిక్కీలో ఎట్టు" అన్నాడు. ఆ మనిషి కళ్ళు తడిగా ఉన్నాయి. మిరపకాయ వల్ల అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

"మరి పోలు మాటేంట్రా?" అన్నాడు గొంతు సవరించుకుని. బుద్ధొచ్చినా మూఢత్వం పోదు కదా.

"తడుపుదాం. రేపు పొద్దున్నే ఆరింటికి అందరూ రండి. కొబ్బరినీళ్ళు పోస్తాను. అక్కణ్ణుంచి పెసరట్టు ఉప్మా, ఎవరెన్ని తింటే అన్ని."

"కొబ్బరినీళ్ళా!" అబ్బులు మొహం అదోలా పెట్టాడు. గుమ్మం దిగి, చెప్పులేసుకుని, వెనక్కి తిరిగాడు. "పెసరట్లో అల్లం బాగా తగలాలని ముందే చెప్పు."

వాళ్ళు వెళ్ళాక కుసుమ నన్ను అలమరలో పెట్టలేదు. గూట్లోనూ పెట్టలేదు. తలుపు బయట, చెప్పుల పక్కన పెట్టింది. దేవుడి దగ్గర మూడు నెలల సేవకి ఇదీ మర్యాద. లోపల ఇద్దరూ ఆ చల్లారిన బజ్జీల కోసమే పోట్లాడుకుంటున్నారు, చివరిది నువ్వు తిను అంటే నువ్వు తిను అని. బాగుపడిన మిక్సీని ఊరికే ఇంకోసారి తిప్పి చూసుకున్నారు కూడా.

తర్వాత కుసుమ రేపటి కార్యక్రమం చదివింది. పొద్దున్నే లేవలేనన్న పిల్ల!

"ఐదింటికి నేనే లేస్తాను, మీరు లేపక్కర్లేదు. ఆరింటికి పోలు. కొబ్బరినీళ్ళు ఆ కొలతతోనే కొలిచి పోయండి, ఆచారం తప్పిందని ఎవరూ అనకుండా. ఆ తర్వాత పెసరట్లు. తొమ్మిదింటికి స్టీలు సామాన్ల కొట్టు తీస్తారు. తిన్నగా అక్కడికెళ్ళి దాన్ని పాత సామాను కింద వేసేసి, గట్టి పిడి ఉన్న చిల్లుల గరిటె తెచ్చుకుందాం."

విన్నారుగా. ఒక్క చుక్క ఎక్కువా తక్కువా కాకుండా పట్టే నేను పోయి, నా బదులు, ఒక్క చుక్కని కూడా పట్టి ఉంచడం చేతకాని గరిటె వస్తుందట. రేపు తొమ్మిదింటికి.